ఆయుష్షు చూసి బోర్డు కొనండి

అరచేతిలో ఇమిడే కంప్యూటర్ ఒకటి కొనాలనుకుంటున్నారు. ఇంటిల్లిపాది ఫొటోలూ ఒకచోట దాచే సర్వర్ కోసం కావచ్చు, ప్రకటనలు ఇంట్లోని ఫోన్ల దాకా రాకుండా ఆపే పై-హోల్ కోసం కావచ్చు, మేడ మీద ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఏర్పాటు కోసం కావచ్చు. వెతకడం మొదలుపెట్టగానే పేర్లు వరసకడతాయి: రాస్ప్‌బెర్రీ పై, ఆరెంజ్ పై, బనానా పై, ర్యాడ్‌క్సా రాక్, ఓడ్రాయిడ్, బీగల్‌బోన్. ప్రతి పేరు కిందా ఒక పట్టిక. ఎన్ని కోర్లు, ఎన్ని గిగాహెర్ట్జ్, ఎంత ర్యామ్, ఎంత ధర. అప్పుడు మనలో చాలామంది చేసే పని ఏమిటి? తక్కువ డబ్బుకు పెద్ద అంకెలున్న బోర్డు ఏదో చూసి ఆర్డర్ పెట్టేయడం. ఈ అధ్యాయం మీ చేత ఆ అలవాటు మాన్పించడానికే. బోర్డు వేగం గురించి మీరు ఆలోచించేది మొదటి వారమే. ఆ తర్వాత మీకు పట్టే సంగతులు వేరు. రాత్రి కరెంటు పోయి వచ్చాక అదంతటదే లేచిందా? సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా? మెమరీ కార్డు పాడైతే డేటా దక్కుతుందా? ఎవరూ కన్నెత్తి చూడకపోయినా ఏళ్ల తరబడి నడవాల్సిన యంత్రాన్ని కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఆయుష్షు. అది ఏ పట్టికలోనూ రాసి ఉండదు.

ఈ రంగం చరిత్రే దీనికి సాక్ష్యం. మొదటి రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు వచ్చింది. అందులో ఉన్నది 700 మెగాహెర్ట్జ్ ఒంటి కోర్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. అంత చిన్న బోర్డు మీద కూడా రాస్ప్‌బెర్రీ పై సంస్థ 32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ ఈనాటికీ నడుస్తోంది. ఇంటెల్ సంగతి చూడండి. అంత పెద్ద సంస్థ 2013లో గెలీలియో, 2014లో ఎడిసన్, 2016లో జూల్ అనే బోర్డులు తెచ్చింది. 2017లో మూడింటినీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. జూల్ అయితే వచ్చి ఏడాది కూడా కాలేదు. 2015లో నెక్స్ట్ థింగ్ అనే కంపెనీ తొమ్మిది డాలర్లకే కంప్యూటర్ అంటూ చిప్ అనే బోర్డుతో సంచలనం రేపింది. 2018లో ఆ కంపెనీయే మూతపడింది. పెద్ద కంపెనీ కదా అని నమ్మినవాళ్లూ, చవక కదా అని కొన్నవాళ్లూ ఒకేచోట తేలారు. మరి దేన్ని నమ్మాలి? ఆ బోర్డును ఎంతమంది వాడుతున్నారు, దాని సాఫ్ట్‌వేర్‌ను ఎవరు, ఎంత క్రమం తప్పకుండా చూసుకుంటున్నారు, అన్న రెండు విషయాలనే.

సాఫ్ట్‌వేర్ మీద ఇంత పట్టు ఎందుకంటే, ఇక్కడ మామూలు పీసీకీ ఈ బోర్డులకీ ఒక మౌలికమైన తేడా ఉంది. దాదాపు ఏ పీసీలోనైనా ఒకే డెబియన్ లినక్స్ ఇన్‌స్టాలర్ పెట్టి నడిపించవచ్చు, ఏ భాగం ఎక్కడుందో యంత్రమే చెప్పుకుంటుంది. ఈ చిన్న ఆర్మ్ బోర్డుల్లో ఎక్కువ భాగానికి ఆ సౌకర్యం లేదు. ప్రతి బోర్డుకీ దాని సొంత బూట్‌లోడర్, దాని భాగాలన్నీ ఎక్కడున్నాయో రాసిన డివైస్ ట్రీ అనే ఫైలు కావాలి. అవి ఎవరో ఒకరు కూర్చుని తయారుచేయాలి. బోర్డు అమ్మే కంపెనీలు తరచుగా చేసేదేమిటంటే, చిప్ తయారీదారు ఇచ్చిన పాత లినక్స్ కెర్నల్ తీసుకుని, దానికి మార్పులు అతికించి, కార్డుకు ఎక్కించుకునే ఒక ఇమేజ్ తయారుచేసి వదిలేయడం. కొత్త మోడల్ వచ్చాక పాతదాని వైపు చూసేవాళ్లుండరు. రాక్‌చిప్ ఆర్‌కే3588 ఎంత మంచి చిప్పో చూడండి. దానితో వచ్చిన బోర్డులు వేగంలో ఎన్నిటినో మించిపోయాయి. అయినా అందులోని హెచ్‌డీఎంఐ లాంటి ముఖ్యమైన భాగాలకు అసలు లినక్స్ కెర్నల్‌లో చోటు దొరకడానికి ఏళ్లు పట్టింది. అన్నాళ్లూ కొన్నవాళ్లు కంపెనీ ఇచ్చిన 5.10 లాంటి పాత కెర్నల్ మీదే ఆధారపడ్డారు. ఆర్మ్‌బియన్ వంటి సంఘాలు ఈ లోటును చాలావరకు పూడుస్తున్నాయి, వాళ్లకు మనం రుణపడి ఉండాలి. కానీ వాళ్లు చేతిలోకి తీసుకోని బోర్డు మీరు కొంటే?

"అదే డబ్బుకు రెట్టింపు ర్యామ్ వస్తుంటే వదులుకోమంటారా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు: ఆ అదనపు బలంతో మీరు చేయబోయే పని పేరు చెప్పగలిగితే తప్పకుండా కొనండి. ఉదాహరణకు ర్యాడ్‌క్సా రాక్ 5బీలో 2.5 గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టు ఉంది, వేగవంతమైన ఎన్‌వీఎంఈ డిస్క్‌కు నాలుగు లేన్ల దారి ఉంది. రాస్ప్‌బెర్రీ పై 5లో నెట్‌వర్క్ ఒక గిగాబిట్టే, ఎన్‌వీఎంఈకి దొరికేది ఒకే లేన్. పెద్ద పెద్ద వీడియో ఫైళ్లు రోజూ అటూ ఇటూ పంపే ఇంటికి ఆ తేడా కనిపిస్తుంది. కెర్నల్‌తో కుస్తీ పట్టడమే మీకు సరదా అయితే, అది కూడా ఒక కారణమే. ఏ పనీ చెప్పలేక, "ఎప్పుడైనా పనికొస్తుంది" అనిపిస్తే మాత్రం ఆగండి. అప్‌డేట్లు ఆగిపోయిన పదహారు జీబీల బోర్డు కన్నా, అప్‌డేట్లు వస్తున్న రెండు జీబీల బోర్డు ఇంటి నెట్‌వర్క్‌కు భద్రం.

ఇక ఆచరణలోకి వద్దాం.

1. తీగలు కలిపే పిన్నులు కావాలా, వద్దా? మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే. మీ పని సెన్సర్‌ను చదవడం, రిలేను ఆడించడం, లైటు వెలిగించడం అయితే పిన్నులు కావాలి. నెట్‌వర్క్ మీద ఫైళ్లు అందించడం మాత్రమే అయితే అక్కర్లేదు. పిన్నులు కావాలన్నంత మాత్రాన లినక్స్ కంప్యూటరే కావాలని కూడా లేదు. ట్యాంకు నీటి మట్టం చూసి మోటారు ఆపడానికి పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ ఎందుకు? 2021 జనవరిలో నాలుగు డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికోలో ఉన్నది 264 కేబీ మెమరీయే, ఆ పనికి అదే ఎక్కువ. వైఫై కూడా కావాలంటే ఈఎస్‌పీ32 ఉంది. వీటిలో పాడయ్యే మెమరీ కార్డు లేదు. కరెంటు వచ్చిన క్షణంలోనే పని మొదలుపెడతాయి. కెమెరా, తెర, డేటాబేస్, ఒకేసారి నడిచే నాలుగైదు ప్రోగ్రాములు ఇవన్నీ ఉంటేనే పెద్ద బోర్డు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి, మొదటిది బోర్డు ప్రాణమే తీయగలదు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులకు తయారైనవి. బజారులో చవకగా దొరికే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే దూరం కొలిచే సెన్సర్ తన జవాబును 5 వోల్టులలో పంపుతుంది. దాన్ని నేరుగా కలిపితే పిన్ను కాలిపోవచ్చు, ఒక్కోసారి బోర్డే పోవచ్చు. రెండు రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించి కలపాలి. రెండోది, పైలో అనలాగ్ ఇన్‌పుట్ లేదు. నేల తేమను వోల్టేజీగా చెప్పే సెన్సర్ కొని తెచ్చి, దాన్ని ఎక్కడ కలపాలో తెలియక తల పట్టుకునేవాళ్లు ఎందరో. ఎంసీపీ3008 లాంటి చిన్న చిప్ మధ్యలో పెట్టాలి, లేదా అనలాగ్ ఇన్‌పుట్లున్న పికోనో, ఏడు అనలాగ్ ఇన్‌పుట్లున్న బీగల్‌బోన్ బ్లాక్‌నో ఎంచుకోవాలి. రెసిస్టర్లు, రిలేలు, సెన్సర్ల లాంటి చిల్లర సామానుకు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ దుకాణాలు ఉండనే ఉన్నాయి. మోటారుకు వెళ్లే 230 వోల్టుల తీగ పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

2. పిన్నులు వద్దనుకుంటే, పాత ల్యాప్‌టాప్‌ను ముందు లెక్కలోకి తీసుకోండి. సింగిల్ బోర్డ్ కంప్యూటర్ గురించిన అధ్యాయంలో ఈ సలహా వింతగా అనిపించవచ్చు. అయినా నా వాదన నన్ను ఇక్కడికే తెస్తోంది. పాత ల్యాప్‌టాప్‌లో మామూలు డెబియన్ ఎక్కుతుంది, మరో కొన్నేళ్లు అప్‌డేట్లకు లోటుండదు. బ్యాటరీ బాగుంటే అదే యూపీఎస్. ఉబ్బిన బ్యాటరీ అయితే తీయించేయండి, ఇందులో మొహమాటం వద్దు. "కరెంటు బిల్లు మాటేమిటి?" అంటారా? లెక్క వేద్దాం. 5 వాట్ల బోర్డు ఏడాది పొడవునా నడిస్తే సుమారు 44 యూనిట్లు. 15 వాట్ల ల్యాప్‌టాప్‌కు 131. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా ఏడాదికి తేడా ఆరు వందల చిల్లర. కొత్త బోర్డు, అడాప్టర్, కేసు, కార్డు కొనే ఖర్చు ముందు అది చిన్న మొత్తమే. 60 వాట్లు తాగే పాత డెస్క్‌టాప్ అయితే 526 యూనిట్లు, అక్కడ మాత్రం మీ అభ్యంతరం నిజం.

కొత్తదే కొనాలంటే ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న మినీ పీసీలను కూడా చూడండి. 2023లో వచ్చిన ఆ చిప్ రేటింగ్ 6 వాట్లే, పెట్టె మొత్తం ఇంకొంచెం తాగుతుంది. జెల్లీఫిన్ లాంటి సర్వర్‌తో ఇంటి టీవీలో సినిమాలు చూడాలనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. టీవీ ఆడించలేని ఫార్మాట్‌లో ఫైలు ఉంటే సర్వరే దాన్ని అప్పటికప్పుడు మార్చి పంపాలి. ఎన్100లో ఆ పనికి ప్రత్యేక సర్క్యూట్ ఉంది. పై 5లో హెచ్.264 వీడియోను చదివే సర్క్యూట్ గానీ తయారుచేసే సర్క్యూట్ గానీ లేదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

3. ర్యామ్ ఎంత? ఈ బోర్డుల్లో తర్వాత పెంచుకునే వీలుండదు కాబట్టి ఇప్పుడే తేల్చుకోవాలి. పై-హోల్ ఒక్కటే అయితే 512 ఎంబీ ఉన్న రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ సరిపోతుంది. దానికి ఈథర్నెట్ పోర్టు లేదని మాత్రం గుర్తుంచుకోండి. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు నడిపే హోమ్ అసిస్టెంట్‌కు 2 జీబీ. ఫొటోలు, ఫైళ్లు దాచే నెక్స్ట్‌క్లౌడ్ పెట్టి, పక్కన మరో రెండు మూడు సర్వీసులు నడిపితే 4 జీబీ. 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు పెరిగి బోర్డుల ధరల్ని కూడా పైకి లాగాయి, అవసరం లేని ర్యామ్‌కు డబ్బు పెట్టే కాలం కాదిది.

4. పవర్ అడాప్టర్ దగ్గర పిసినారితనం వద్దు. బోర్డు ఊరికే రీస్టార్ట్ అవుతోందని, డిస్క్ మాయమవుతోందని చెప్పేవాళ్ల సమస్యల్లో పెద్ద వాటా సొరుగులో దొరికిన ఫోన్ ఛార్జర్‌దే. ఫోన్ తన బ్యాటరీ నింపుకుంటుంది, ఛార్జర్ కాస్త తడబడినా దానికి ఫరవాలేదు. బోర్డుకు బ్యాటరీ లేదు. వోల్టేజీ 4.63 దగ్గరకు పడిపోతే పై హెచ్చరిస్తుంది. తెర మూల మెరుపు గుర్తు కనిపించేది అందుకే. తెరే లేని సర్వర్‌లో ఆ గుర్తును చూసేదెవరు? పై 4కు 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. పై 5కు 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇవ్వగలది కావాలి. అది లేకపోతే యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే అందుతాయి, తిరిగే హార్డ్ డిస్క్ మొదలవడానికి అది చాలకపోవచ్చు. ఇక కరెంటు కోతల సంగతి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూడా కరెంటు మారే ఆ లిప్తపాటులో బోర్డు ఆగిపోయే ప్రమాదం ఉంది. రూటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్‌లు ఎక్కువగా 12 వోల్టులవి. మీకు కావాల్సింది 5 వోల్టులు, బోర్డు అడిగినన్ని ఆంపియర్లతో ఇచ్చేది. డబ్బాపై రాసినది చదివి కొనండి.

5. డేటాను మెమరీ కార్డు మీద ఉంచకండి. కార్డులోని ఫ్లాష్ మెమరీ కొన్ని సార్లు రాయడానికే ఓర్చుకుంటుంది. లాగ్‌లు, డేటాబేస్‌లు దాని మీద క్షణక్షణం రాస్తూనే ఉంటాయి. రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమే చెదిరిపోవచ్చు. సర్వర్ పనికి ఎస్ఎస్‌డీ కలపండి. ఇక్కడ మోడల్‌ను బట్టి తేడా ఉంది: 2019 జూన్‌లో వచ్చిన పై 4లోనే తొలిసారి యూఎస్‌బీ 3, అసలైన గిగాబిట్ ఈథర్నెట్ వచ్చాయి. అంతకు ముందు మోడళ్లలో ఈథర్నెట్, యూఎస్‌బీ రెండూ ఒకే యూఎస్‌బీ 2 దారిని పంచుకునేవి. పై 3బీ ప్లస్‌లో గిగాబిట్ పోర్టు అని రాసి ఉన్నా దాటేది సెకనుకు 300 మెగాబిట్లే. కాబట్టి ఫైల్ సర్వర్ కోసం సెకండ్ హ్యాండ్ పై 3 చవకగా వస్తోందంటే మోజు పడకండి. ఇక ఎస్ఎస్‌డీ పెట్టాం కదా అని బ్యాకప్ మానేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. రెండు డిస్కులకు ఒకేసారి రాసే రైడ్ కూడా బ్యాకప్ కాదు. మీరు పొరపాటున తొలగించిన ఫొటోను అది రెండు చోట్లా తొలగిస్తుంది. వేరే డిస్క్‌లో ఒక కాపీ, వీలైతే వేరే ఇంట్లో ఒక కాపీ ఉంచండి. ఒక ఆదివారం కొత్త కార్డు తీసుకుని ఆ కాపీ నుంచి మొత్తం తిరిగి నిలబెట్టి చూడండి. తిరిగి నిలబెట్టి చూడని బ్యాకప్‌ను నమ్మకండి.

6. వేడి. పై 4, పై 5 చిప్‌లు 80 డిగ్రీలు దాటేసరికి తమ వేగం తామే తగ్గించుకుంటాయి. సమీక్షల్లో కనిపించే అంకెలు ఎక్కువగా ఇరవై పాతిక డిగ్రీల గదుల్లో కొలిచినవి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మూసిన టీవీ అలమరలో పెడితే, చుట్టూ గాలి ఎన్ని డిగ్రీలు ఎక్కువుంటే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. ఫ్యాన్ ఉన్న కూలర్ పెట్టండి, గాలి ఆడే చోట ఉంచండి.

ఈ ఖర్చులన్నీ కలిపి చూస్తే బోర్డు ధర ఎంత తప్పుదారి పట్టిస్తుందో తెలుస్తుంది. 2023లో పై 5 వచ్చినప్పుడు 4 జీబీ మోడల్ 60 డాలర్లు. దాని అడాప్టర్ 12, కూలర్ 5, కేసు 10. డిస్క్ ఇంకా కొననే లేదు, అప్పుడే 87 డాలర్లయింది. మన దేశానికి వచ్చేసరికి పన్నులు, దుకాణం లాభం అదనం. రెండు బోర్డుల్ని పోల్చేటప్పుడు మొత్తం సరంజామా ధరనే పోల్చండి.

నా వాదనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయను. "ఎక్కువమంది వాడే బోర్డు కొనమన్నారు. 2021 నుంచి 2023 దాకా చిప్‌ల కొరతలో రాస్ప్‌బెర్రీ పైలే దొరకలేదు కదా? దొరికినచోట అసలు ధరకు ఎన్నో రెట్లు అడిగారు కదా?" నిజమే. కానీ ఆ కొరత నా మాటనే బలపరుస్తుందని నేననుకుంటాను. మామూలు డెబియన్ మీద, పేరున్న సాఫ్ట్‌వేర్‌తో తమ సర్వర్ కట్టుకున్నవాళ్లు అప్పుడు పాత ల్యాప్‌టాప్‌కో మినీ పీసీకో మారగలిగారు. ఏదో ఒక కంపెనీ ఇమేజ్‌లో మాత్రమే పనిచేసేలా కట్టుకున్నవాళ్లకు మొదటి నుంచి మొదలుపెట్టడం తప్ప దారి లేదు. కాబట్టి ఏ బోర్డు కొన్నా, దాని మీద ఏమేం ఎక్కించారో, ఏ సెట్టింగ్ మార్చారో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. ఆ బోర్డు దొరకని రోజు అదే మీకు ఆధారం.

అసలు బోర్డే ఎందుకు, నెలకు కొంత కట్టి క్లౌడ్‌లో సర్వర్ తీసుకుంటే పోదా అనేవాళ్లూ ఉన్నారు. లోకమంతా చూసే వెబ్‌సైట్ అయితే వాళ్ల మాటే సరైనది. మన ఇంటర్నెట్ కంపెనీల్లో చాలా వరకు ఇళ్లకు సొంత పబ్లిక్ ఐపీ ఇవ్వవు, ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతాయి. బయటి నుంచి మీ బోర్డును చేరుకోవాలంటే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టుకోవాలి, అది కుటుంబానికి బాగానే ఉంటుంది కానీ ఊరందరికీ కాదు. ఇంటి ఫొటోలు, ఇంటి లైట్లు, ఇంటి ట్యాంకు మాత్రం నెట్ పోయినా పనిచేయాలి. వాటికి ఇంట్లోనే ఉండే యంత్రం కావాలి.

ఆర్డర్ పెట్టే ముందు ఒక్క పని చేయండి. ఆ బోర్డు కంపెనీ డౌన్‌లోడ్ పేజీకి వెళ్లి, చివరి ఇమేజ్ ఏ తేదీదో చూడండి. ఆర్మ్‌బియన్ జాబితాలో ఆ బోర్డు ఉందో లేదో చూడండి. ఏడాదిగా కొత్త ఇమేజ్ లేకపోతే, అందులో ఎన్ని కోర్లున్నా వదిలేయండి. ఇంట్లో సొరుగులో పాత పై 3 ఏదైనా పడి ఉందా? అయితే ఇప్పుడే ఏమీ కొనకండి. పై-హోల్‌కు అది చక్కగా సరిపోతుంది. ఈ వారం దానితోనే మొదలుపెట్టండి, చాలని రోజున ఏం కొనాలో మీకే తెలుస్తుంది.